నేను కొట్టివేయించిన బ్రేక్ ఆయిల్

తిరుమల నుంచి కిందికి వచ్చే మొదటి ఘాట్ రోడ్డులో సగం దూరం దిగాక మా కారు బ్రేక్ పెడల్ ఉన్నట్టుండి మెత్తబడిపోయింది. 1944లో వేసిన ఆ దారిని ఇప్పుడు కొండ దిగే బళ్లకే వాడుతున్నారు. మలుపు మలుపుకూ బ్రేకు తొక్కుతూనే ఉండాల్సిన దారి అది. ముందు సీట్లో మా అమ్మ, వెనక నా భార్య, పిల్లలిద్దరూ ఉన్నారు. పెడల్ దాదాపు నేలను తాకేదాకా తొక్కినా వేగం తగ్గలేదు. గేరు రెండుకు, ఆపైన ఒకటికి దించి, హ్యాండ్ బ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ, కొండ వైపు కాస్త వెడల్పుగా ఉన్న చోట బండిని ఆపగలిగాను. అరగంట చల్లారనిచ్చాక పెడల్ మళ్లీ గట్టిపడింది. మిగిలిన దారంతా మొదటి గేరులో, రెండో గేరులో దిగాం. ఆ అరగంటలో మా అమ్మ ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

తిరుపతిలో ఒక మెకానిక్ బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి చూపించాడు. లేత తేనె రంగులో ఉండాల్సిన ఆయిల్ కాఫీ డికాషన్‌లా నల్లబడి ఉంది. పెన్నులాంటి పరికరం ఒకటి అందులో ముంచితే ఎర్ర దీపం వెలిగింది. "ఇది ఆఖరిసారి ఎప్పుడు మార్పించారు సార్?" అని అడిగాడు. అప్పటికి కారు కొని ఐదేళ్లయింది, ఒక్కసారి కూడా మార్పించలేదు. అంతకన్నా చెప్పడానికి కష్టమైన విషయం ఇంకొకటి ఉంది. నాలుగు నెలల కింద సర్వీసు సెంటరులో దాన్ని మారుస్తామని చెప్పినప్పుడు వద్దని చెప్పి ఎస్టిమేటులో కొట్టివేయించినది నేనే.

ఎందుకు కొట్టివేయించానన్నదే ఈ వ్యాసం. నేను పిసినారితనంతో ఆ పని చేయలేదు. ఆ రోజు నా చేతికిచ్చిన ఎస్టిమేటు 16,800 రూపాయలు. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ పోను అందులో ఇంకా ఏడు పనులు ఉన్నాయి: ఇంజిన్ ఫ్లష్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఇంజెక్టర్ క్లీనర్, ఏసీ క్లీనింగ్, టెఫ్లాన్ కోటింగ్, ఎలుకలు వైర్లు కొరకకుండా స్ప్రే, బ్రేక్ ఆయిల్. ఏడూ ఒకదాని కింద ఒకటి, ఒకే అచ్చులో ఉన్నాయి. టెఫ్లాన్ ఎందుకని అడిగితే "చేయించుకుంటే మంచిది సార్" అన్నాడు సర్వీస్ అడ్వైజర్. బ్రేక్ ఆయిల్ ఎందుకని అడిగితే, అదే గొంతుతో, అదే తొందరలో, "పాతబడింది సార్, మార్పించుకుంటే మంచిది" అన్నాడు. మొదటి ఆరూ అనవసరమని నాకు అప్పటికే తెలుసు. ఏడోది కూడా ఆ కోవలోదే అనుకున్నాను. ఇంటికి వచ్చాక పాత జాబ్ కార్డులు (సర్వీసులో ఏయే పనులు చేశారో రాసిచ్చే కాగితాలు) తీసి చూస్తే, రెండో ఏట, నాలుగో ఏట కూడా బ్రేక్ ఆయిల్ ఎదురుగా 'తనిఖీ చేశాం, సరిగా ఉంది' అని టిక్కు పెట్టి ఉంది. ఆ రెండేళ్లలోనూ టెఫ్లాన్ కోటింగ్‌కు మాత్రం బిల్లు వేశారు.

బ్రేక్ ఆయిల్ అని పిలుస్తాం గానీ అది నిజానికి నూనె కాదు. గ్లైకాల్ జాతికి చెందిన ద్రవం. గాలిలోని తేమను పీల్చుకోవడం దాని స్వభావం. బండి నడిచినా, షెడ్డులో నిలబడి ఉన్నా రబ్బరు గొట్టాల గుండా, మూత సందుల గుండా తేమ దానిలోకి చేరుతూనే ఉంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం, అందులో 3.7 శాతం నీరు చేరాక ఆ కనీస హద్దు 155 డిగ్రీలకు దిగిపోతుంది. డాట్ 3 రకానికి ఈ అంకెలు 205, 140. ఘాట్ రోడ్డులో ఆగకుండా బ్రేకు తొక్కుతూ దిగినప్పుడు చక్రాల దగ్గర పుట్టే వేడికి ఈ తడి ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే కుదించుకుపోదు, కాబట్టే కాలి బలం చక్రం దాకా చేరుతుంది. ఆవిరి మాత్రం కుదించుకుపోతుంది, అందుకే పెడల్ కిందికి జారిపోతుంది. బ్రేక్ ప్యాడ్లే వేడెక్కి పట్టు తప్పితే పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. మాది మెత్తబడింది, అరగంటలో మళ్లీ గట్టిపడింది. లోపం ఎక్కడుందో చెప్పడానికి ఆ మెకానిక్‌కు ఈ రెండు లక్షణాలే సరిపోయాయి. హైదరాబాదు వీధుల్లో తిరిగినన్నాళ్లూ ఇది బయటపడదు. కొండ దిగేటప్పుడే బయటపడుతుంది.

అందుకే షోరూములు చేసే మోసాల గురించి ఎవరైనా మాట్లాడుతూ, అనవసరపు పనులకు పోయే మూడు వేలో నాలుగు వేలో లెక్క చెప్పి ఆగిపోతే నాకు తృప్తి కలగదు. ఆ డబ్బు కన్నా పెద్ద నష్టం ఒకటి ఉంది. ఆరు అనవసరపు సలహాల మధ్యలో పెట్టిన అవసరమైన సలహాను యజమాని నమ్మడు. నమ్మకపోవడంలో తప్పు కూడా లేదు, ఎందుకంటే అతనికి తేడా తెలిసే మార్గం ఎదుటివాడు మిగల్చలేదు. డాక్టరు ప్రతి రోగికీ ఒకే టానిక్ రాసి ఇస్తుంటే, ఆయన నిజంగా అవసరమై ఆపరేషన్ చేయించుకోమన్న రోజున రోగి ఇంటికి వెళ్లిపోతాడు.

తేడా తెలిసే మార్గం ఒకటి మాత్రం కారుతో పాటే వస్తుంది. కారు గ్లవ్ బాక్సులో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా మనం వదిలేసే ఓనర్స్ మాన్యువల్ అది. దాని చివర్లో ఎన్ని కిలోమీటర్లకు, ఎన్ని నెలలకు ఏది చూడాలో, ఏది మార్చాలో చెప్పే పట్టిక ఉంటుంది. ఆ కారును తయారుచేసిన ఇంజనీర్లు, ఆ కారుకు వారంటీ ఇచ్చిన కంపెనీ సంతకం పెట్టిన పత్రం అది. నా కారు పుస్తకంలో ఇంజిన్ ఆయిల్ 10,000 కిలోమీటర్లకు లేదా ఏడాదికి, ఏది ముందు వస్తే దానికి మార్చాలని ఉంది. బ్రేక్ ఆయిల్ 40,000 కిలోమీటర్లకు లేదా రెండేళ్లకు మార్చాలని ఉంది. ఆ 'ఏది ముందు వస్తే అది' అన్న మాటను మనలో చాలామంది దాటేస్తారు. ఏడాదికి నాలుగు వేల కిలోమీటర్లు నడిచే కారుకు కూడా కాలం ఆగదు.

ఆ పట్టిక పక్కనే ఇంకొక పట్టిక ఉంటుంది, దాన్ని చదివేవాళ్లు ఇంకా తక్కువ. కఠిన పరిస్థితుల్లో నడిచే కార్లకు వేరే గడువులు పెడతారు. ఎక్కువ దుమ్ము ఉండే దారులు, ఇంజిన్ సరిగా వేడెక్కకముందే ముగిసే చిన్న చిన్న ప్రయాణాలు, ఆగుతూ సాగుతూ పోయే ట్రాఫిక్, మండే ఎండలు: ఇవన్నీ దాని కిందికే వస్తాయి. సాయంత్రం ఆరు గంటలకు గచ్చిబౌలి నుంచి మియాపూర్ దాకా వెళ్లే కారు, రెంటచింతలలో మే నెలంతా ఎండలో తిరిగే కారు కఠిన పరిస్థితుల్లో నడుస్తున్నట్టే లెక్క. అంటే ఇంజిన్ ఆయిల్‌నూ ఎయిర్ ఫిల్టర్‌నూ కాస్త ముందే మార్చమని అడ్వైజర్ చెబితే అతని మాటకు పుస్తకంలోనే ఆధారం ఉంది. ఇన్నేళ్లలో ఒక్క అడ్వైజర్ కూడా నాకు ఆ పేజీ తీసి చూపించలేదు. చూపించి ఉంటే కాదనేవాణ్ని కాను. చేతిలో నిజమైన వాదన ఉండి కూడా దాన్ని పక్కన పెట్టి, 'ఇంజిన్ లైఫ్ తగ్గిపోతుంది సార్' అన్న భయాన్ని ముందుకు తోస్తారు.

ఆ భయంతో అమ్మే పనుల్లో ఇంజిన్ ఫ్లష్ మొదటిది. పాత ఆయిల్‌లో ఒక పలచటి ద్రావకం పోసి, కొన్ని నిమిషాలు ఇంజిన్ నడిపి, రెండూ కలిపి కింది నుంచి వదిలేస్తారు. గడువు ప్రకారం మార్చే ఇంజిన్ ఆయిల్‌లో మడ్డిని కరిగించి పట్టి ఉంచే పదార్థాలు ముందే కలిపి ఉంటాయి. ఆ పని చేయడం ఆయిల్ బాధ్యతల్లో ఒకటి. వదిలేశాక కూడా ద్రావకం కొంత ఇంజిన్ మూలల్లో మిగిలి కొత్త ఆయిల్‌లో కలుస్తుంది. నా పుస్తకం ఆయిల్‌లో వేరే ఏ మందులూ కలపవద్దని స్పష్టంగా చెబుతుంది. అదే కంపెనీ బోర్డు కింద కూర్చున్న మనిషి కలపమంటాడు. ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీని శుభ్రం చేయడం వేరే సంగతి. బండి సిగ్నల్ దగ్గర వణుకుతుంటే, ఆగిపోతుంటే అది సరైన చికిత్సే. ఆ లక్షణం లేకుండా ప్రతి సర్వీసుకూ చేయడం జ్వరం లేనివాడికి మాత్ర వేయడమే. టెఫ్లాన్ గురించి రాయడానికి ఎక్కువ లేదు. అది పైపూత మెరుగు, బండి నడకకు దానితో సంబంధం లేదు.

ఇలా రాస్తున్నానని ఆ అడ్వైజర్ మీద నాకు కోపం ఉందనుకోవద్దు. మా దూరపు బంధువుల అబ్బాయి రెండేళ్లు ఆ ఉద్యోగం చేశాడు. పొద్దున్నే మీటింగులో నిన్న ఎవరు ఎన్ని ఫ్లష్‌లు, ఎన్ని కోటింగులు అమ్మారో చదువుతారట; జీతంలో కొంత భాగం వాటి మీదే ఆధారపడి ఉంటుందట. బ్రేక్ ఆయిల్ మార్పించినందుకు అతనికి ప్రత్యేకంగా దక్కేది ఏమీ లేదు. ఇరవై ఐదేళ్ల కుర్రవాడిని అలాంటి లెక్కలో నిలబెట్టి, అతని నోటి నుంచి వచ్చే మాటకు 'సలహా' అని పేరు పెట్టడం అతనికీ మనకూ కూడా అన్యాయం. లోపాన్ని గుర్తించేవాడు, మందు అమ్మేవాడు ఒక్కడే అయిన చోట ఈ గందరగోళం తప్పదు.

బయట చేయిస్తే వారంటీ పోతుందన్న మాట ఇంకొక భయం. ఈ మాటకు మన దేశంలో ఒక చరిత్ర ఉంది. 2011లో ఒక వినియోగదారు ఇచ్చిన ఫిర్యాదుతో మొదలైన కేసులో మార్కెట్‌లో పోటీని దెబ్బతీసే పద్ధతులను విచారించే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544.65 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అసలైన విడిభాగాలను, లోపాలు కనిపెట్టే పరికరాలను, మరమ్మతు సమాచారాన్ని తమ డీలర్లకే పరిమితం చేసి బయటి మెకానిక్‌లకు అందకుండా చేశారని కమిషన్ తేల్చింది. బయట మరమ్మతు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దవుతుందన్న ఏకమొత్తపు షరతు పెట్టకూడదని కూడా ఆదేశించింది. మూడు కంపెనీల అప్పీళ్ల మీద కాంపిటీషన్ అప్పిలేట్ ట్రిబ్యునల్ 2016లో జరిమానా లెక్కను తగ్గించింది గానీ, చేసింది తప్పన్న నిర్ధారణను నిలబెట్టింది. అయినా పన్నెండేళ్ల కింద కమిషన్ తప్పుపట్టిన ఆ వాక్యాన్ని సర్వీసు కౌంటర్ల దగ్గర నేను ఇంకా వింటూనే ఉన్నాను. వారంటీ ఉన్నన్నాళ్లూ గడువు సర్వీసులను కంపెనీ చోటే చేయించి బిల్లులు భద్రంగా దాచుకోమని నేనూ చెబుతాను. రేపు ఇంజిన్‌లో లోపం తేలితే ఆ కాగితాలే సాక్ష్యం. టైరు పంక్చరుకో వైపర్ బ్లేడుకో వారంటీ భయంతో అక్కడికి పరిగెత్తనక్కర లేదు.

అలాగని బయటి మెకానిక్ మాట వేదమనీ అనను. విజయవాడ ఆటోనగర్‌లో నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన ఒక మేస్త్రి ఉన్నారు. శబ్దం విని బేరింగు ఏదో చెప్పగల మనిషి. మా నాన్నగారి కారును పద్దెనిమిదేళ్లు నడిపించినది ఆయన చేతులే. ఆయన నా కారు చూసి, "మన ఎండలకు ఈ నీళ్లలాంటి ఆయిల్ ఏం ఆగుతుంది బాబూ, 20డబ్ల్యూ-50 పోద్దాం" అన్నారు. నా పుస్తకంలో ఉన్నది 0డబ్ల్యూ-20. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలికగా కదులుతుందో చెబుతుంది. వెనకున్న అంకె ఇంజిన్ వేడెక్కాక, 100 డిగ్రీల దగ్గర దాని చిక్కదనాన్ని చెబుతుంది. బయట 45 డిగ్రీల ఎండ కాసినా ఇంజిన్ లోపలి వేడిని కూలెంట్, థర్మోస్టాట్ అదుపులో ఉంచుతాయి కాబట్టి మన ఎండలను చూసి ఆయిల్‌ను అంత చిక్కన చేయనక్కర లేదు. సన్నని సందులతో, ఆయిల్ ఒత్తిడితో వాల్వుల సమయాన్ని మార్చే ఏర్పాటుతో చేసిన ఇంజిన్‌కు ఆ చిక్కటి ఆయిల్ వేగంగా అందదు. ఆయన అనుభవం నిజమైనదే, కాకపోతే అది వేరే తరం ఇంజిన్ల అనుభవం. పుస్తకం తీసి చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని ఆ పేజీ రెండుసార్లు చదివి, కుర్రవాణ్ని పంపి 0డబ్ల్యూ-20 తెప్పించారు. ఆ రోజు ఆయన మీద నా గౌరవం ఇంకా పెరిగింది.

రేడియేటర్లో బోరు నీళ్లు పోయడం, ప్రతి వేసవికీ ఏసీ గ్యాస్ కొట్టించడం కూడా ఇలాంటివే. మన బోరు నీళ్లలో ఉండే ఉప్పులు రేడియేటర్ సన్నని గొట్టాల్లో పొలుసు కడతాయి. ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు; మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతూ ఉండేది. రెండేళ్లకోసారి తగ్గిపోతోందంటే ఎక్కడో లీకు ఉందని అర్థం. లీకు వెతకకుండా గ్యాస్ నింపడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

పుస్తకం కూడా జవాబు చెప్పలేని ప్రశ్న ఒకటి ఈ మధ్య వచ్చింది. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని మొదట 2030కి పెట్టుకున్నా, ముందుకు జరిపి 2025కే చేరుకున్నారు. 2019లో కొన్న నా కారు పుస్తకంలో ఉన్నది 10 శాతం వరకే. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. లీటరుకు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కన్నా సుమారు మూడో వంతు తక్కువ. స్వచ్ఛమైన పెట్రోలుకు రూపొందించి, 10 శాతానికి సర్దుబాటు చేసిన కార్లలో ఈ20 వాడితే మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే అంచనా వేసింది. మైలేజీ తగ్గిందని చెబితే ఒక అడ్వైజర్ నాకు ప్రతి ట్యాంకుకూ పోసుకునే సీసా ఒకటి చూపించాడు. ఏ సీసా కూడా లేని శక్తిని ఇంధనంలోకి తీసుకురాలేదు. నాకు అక్కడ కావాల్సిన జవాబు వేరే ఉంది: నా కారు ఇంధన గొట్టాలు, సీళ్లు, గాస్కెట్లు ఏ రకం రబ్బరుతో చేశారు, వాటిని ఎప్పుడు చూడాలి, మార్చాల్సి వస్తే ఎంతవుతుంది? ఆ జవాబు తయారీదారు రాతపూర్వకంగా ఇవ్వాల్సింది. ఇంధనం మారినప్పుడు పాత పుస్తకానికి ఒక అనుబంధ పేజీ అచ్చువేసి పంపడం కంపెనీకి పెద్ద భారం కాదు.

నేను అడుగుతున్నది కూడా అలాంటి చిన్న పనే. జాబ్ కార్డును రెండు భాగాలుగా అచ్చువేయాలి. పై భాగంలో తయారీదారు పట్టికలో ఉన్న పనులు, ఒక్కోదాని పక్కన పుస్తకంలో పేజీ సంఖ్య, గడువు ఎప్పటికో రాయాలి. కింది భాగంలో డీలరు తనంతట తాను సూచిస్తున్నవి, ఇవి పట్టికలో లేవన్న ఒక్క వాక్యంతో ఉండాలి. అమ్ముకోవద్దని నేను అనడం లేదు. టెఫ్లాన్ కావాలనుకునేవాళ్లు వేయించుకుంటారు. రెండింటినీ ఒకే గీత కింద కలపవద్దని మాత్రమే అడుగుతున్నాను. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు కోసం పోర్టల్ తెరిచినప్పుడు వాహనాలను కూడా అందులో చేర్చింది. విడిభాగాల గురించి, వారంటీ గురించి అక్కడ సమాచారం పెట్టమని కంపెనీలను అడగగలిగిన ప్రభుత్వం, జాబ్ కార్డు ఎలా ఉండాలో కూడా చెప్పగలదు. అప్పటిదాకా చేయని పనికి బిల్లు వేసినవాళ్ల మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. నేను కోరేది మాత్రం అక్కడిదాకా వెళ్లే అవసరం రాకుండా చూడమని.

గత నెల సర్వీసుకు వెళ్లినప్పుడు పుస్తకం వెంట తీసుకెళ్లాను. ఎస్టిమేటు మళ్లీ అలాగే వచ్చింది. ఒక్కో పని మీద వేలు పెట్టి, "ఇది ఏ పేజీలో ఉందో కాస్త చూపిస్తారా అండీ?" అని అడిగాను. ఈసారి ఉన్న అడ్వైజర్ కొత్త అమ్మాయి. మొదట ఇబ్బంది పడింది, తర్వాత పుస్తకం తన వైపు తిప్పుకుంది. ఇద్దరం కలిసి ఇరవై నిమిషాలు కూర్చున్నాం. ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనర్, కోటింగ్ తీసేసింది. నేను కూడా మరిచిపోయిన పని ఒకటి, కూలెంట్ మార్పు, తనే పట్టికలో చూసి చేర్చింది. బ్రేక్ ఆయిల్‌కు గడువు ఇంకా ఉంది. అయినా ముంచి చూసే పరికరం తెప్పించి, వెలిగిన పచ్చ దీపాన్ని నాకు చూపించి, జాబ్ కార్డు మీద తేదీ వేసి రాసింది.